గ్రూప్ సంగతి తర్వాత, ముందు ఎన్నిసార్లు ఆగిందో చెప్పండి

కొత్త పిస్టల్ వచ్చిందని తెలిస్తే చాలు, రేంజ్‌లో ఎవరు ఎదురైనా మొదటి మాట "గ్రూప్ ఎంతొస్తోంది?" అనే, అంటే వరసగా కాల్చిన షాట్ల రంధ్రాలు ఎంత వెడల్పులో పడుతున్నాయని. నేను పాయింట్ టూ టూ (.22, అంటే 5.6 మిల్లీమీటర్ల తూటా) టార్గెట్ పిస్టల్ కొన్న దగ్గర్నుంచి విజయవాడలో నన్ను ఈ ప్రశ్న అడగని షూటర్ లేడు. పెట్టెలో ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన టెస్ట్ టార్గెట్ కాగితం చూపించమంటారు, రంధ్రాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనపడేసరికి "అబ్బ, భలే పిస్టల్ అండీ" అనేసి వెళ్లిపోతారు. ఇన్ని రౌండ్లకి ఎన్నిసార్లు జామ్ అయి ఆగింది, ఏ తూటాతో ఆగింది, తూటాలు నింపే ఏ మ్యాగజైన్‌తో ఆగింది అని ఇంతవరకు ఒక్కళ్లు కూడా అడగలేదు. నాకు తెలిసి మన దగ్గర పిస్టల్ కొనేవాళ్లు అన్నిటికంటే ముందు అడగాల్సింది ఈ ప్రశ్నే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే లెక్క లేకుండా ఈ వాదన ఎవరూ నమ్మరు. 25 మీటర్ల ప్రిసిషన్ టార్గెట్‌లో పది రింగ్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, తొమ్మిది రింగ్ 100. మంచి టార్గెట్ పిస్టల్‌ని స్టాండ్‌కి బిగించి కాలిస్తే 20 మిల్లీమీటర్ల దరిదాపుల్లో గ్రూప్ రావడం పెద్ద వింతేం కాదు. ఇప్పుడు మనిషి సంగతి. ఒంటి చేత్తో నిలబడి కాల్చే మామూలు క్లబ్ షూటర్ చెయ్యి ఊగే ఊపు, ట్రిగ్గర్ లాగేటప్పుడు వచ్చే తేడా అంతా కలిపి 100 మిల్లీమీటర్లు అనుకోండి, నిజానికి చాలామందికి అంతకంటే ఎక్కువే. పిస్టల్ వల్ల వచ్చే చెదురు, మనిషి వల్ల వచ్చే చెదురు నేరుగా కూడవు, రెండింటి వర్గాలు కూడి దానికి వర్గమూలం తియ్యాలి. పిస్టల్ 20 అయితే మొత్తం 102 వస్తుంది. అదే పిస్టల్ 30 అయితే 104 చిల్లర. అంటే టెస్ట్ టార్గెట్ మీద "అమ్మో ఇది సగానికి సగం పెద్ద గ్రూప్" అని పక్కన పెట్టేసిన పిస్టల్ మీ చేతిలో కాగితం మీద చేసే నష్టం రెండున్నర మిల్లీమీటర్లు, తూటా వెడల్పే 5.6 మిల్లీమీటర్లు, పైగా తూటా అంచు గీతకి తగిలినా పై రింగ్ పాయింటే ఇస్తారు. ఇందుకోసం మనం ఎన్ని లక్షలు ఎక్కువ పెడుతున్నామో ఒక్కసారి ఆలోచించండి.

ఇప్పుడు రెండో వైపు. స్టాండర్డ్ పిస్టల్ ఈవెంట్‌లో 60 షాట్లు, అన్నీ ఐదేసి షాట్ల సిరీస్‌లు, మొదటి 20 షాట్లకి సిరీస్‌కి 150 సెకన్లు, తర్వాత 20 షాట్లకి 20 సెకన్లు, చివరి 20కి 10 సెకన్లు. ఆ పది సెకన్ల సిరీస్‌లో మొదటి షాట్ ఖాళీ కేస్ (తూటా పేలాక మిగిలే ఇత్తడి గొట్టం) ఇరుక్కుని, ప్రతి షాట్‌కీ వెనక్కీ ముందుకీ కదిలే స్లైడ్ ఆగిపోతే మిగతా నాలుగు షాట్లు పోయినట్టే, అంటే నలభై పాయింట్లు గాల్లో. రూల్స్‌లో అలవబుల్ మాల్‌ఫంక్షన్ అని ఒక వెసులుబాటు ఉంది, నిజమే, పిస్టల్ తప్పు అయితే మళ్లీ కాల్చే అవకాశం ఇస్తారు. కానీ దానికి మీరు పిస్టల్‌ని టార్గెట్ వైపే ఉంచి, రెండో చెయ్యి పైకెత్తి, స్లైడ్ ముట్టుకోకుండా అఫీషియల్ వచ్చి చూసేదాకా ఆగాలి. మామూలు ప్రాక్టీస్‌లో జామ్ అయితే చెయ్యి తనంతట తనే స్లైడ్ మీదికి పోవడం అలవాటైపోయిన వాళ్లకి మ్యాచ్‌లో అదే చెయ్యి కొంప ముంచుతుంది, ముట్టుకుంటే నాన్ అలవబుల్, ఇక ఆ షాట్లకి సున్నాలే. అలవబుల్ అయినా ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు ఇవ్వరు. పాయింట్ల సంగతి అలా ఉంచినా, మళ్లీ లైన్‌లోకి వచ్చి నిలబడ్డాక గుండె కొట్టుకునే తీరే మారిపోతుంది, "మళ్లీ ఆగుతుందేమో" అన్న అనుమానంతో ట్రిగ్గర్ లాగే షాట్ ఎక్కడికి పోతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

దీనికి మనందరం కళ్లారా చూసిన ఉదాహరణ ఉంది. 2021 జులైలో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ పాడైంది. బాగు చేయించుకుని వచ్చేసరికి బోలెడు టైమ్ పోయింది, 575 పాయింట్లతో 12వ స్థానం, ఫైనల్‌కి రెండంటే రెండు పాయింట్లు తక్కువ. అది ఎయిర్ పిస్టలే, పాయింట్ టూ టూ కాదు, నాకూ తెలుసు. కానీ ఆ పిస్టల్ గ్రూప్‌లో ఏ లోపమూ లేదు కదా, ప్రపంచంలో ఉన్న మంచి పిస్టళ్లలో అదొకటి. అదే అమ్మాయి 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చి, 25 మీటర్ల పిస్టల్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. చేతిలో ఉన్న సత్తా అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

సరే, అసలు అంచు మీద కొడితే పేలే ఈ రిమ్‌ఫైర్ తూటాతోనే ఈ గోల ఎందుకు ఎక్కువ? మన పిస్టల్ తూటా, పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ అన్నది 1887 నాటి డిజైన్, ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది. సెంటర్‌ఫైర్ తూటాకి అడుగున మధ్యలో విడిగా ప్రైమర్, అంటే దెబ్బకి అంటుకునే చిన్న మందు బిళ్ల, ఉంటుంది, దీనికి అదేం ఉండదు. కేస్ అడుగు అంచు లోపల, ఆ మడతలో, మందు తడిగా ఉన్నప్పుడు వేసి గిర్రున తిప్పి చుట్టూ సర్దుతారు. ఆ తిప్పడంలో ఎక్కడన్నా ఒక మూల మందు చేరకపోతే, ఫైరింగ్ పిన్ సరిగ్గా ఆ మూలనే కొడితే తూటా పేలదు. ఇంకోటి, పిస్టల్ తనంతట తాను తర్వాతి తూటా ఎక్కించుకోవాలంటే పేలిన తూటా వెనక్కి తన్నే బలమే ఆధారం, వేరే లాక్ ఏదీ ఉండదు, స్లైడ్ బరువు, స్ప్రింగ్ బలం, తూటా బలం మూడూ కుదరాలి. టార్గెట్ పిస్టళ్లు స్టాండర్డ్ వెలాసిటీ తూటాల కోసం చేసినవి, స్ప్రింగులు దానికి తగ్గట్టే మెత్తగా ఉంటాయి. తూటా కాస్త బలం తక్కువైనా స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు, ఖాళీ కేస్ బయటికి పడకుండా, అది బయటికి వచ్చే కిటికీలో నిలువుగా ఇరుక్కుంటుంది. అదే హై వెలాసిటీ తూటాలు వేసి "ఇప్పుడు బ్రహ్మాండంగా తిరుగుతోంది" అని సంబరపడేవాళ్లని చూశాను, పిస్టల్ పార్టుల మీద ఆ దెబ్బ ఎలా పడుతోందో వాళ్లు చూడట్లేదు. దయచేసి మాన్యువల్లో ఏ తూటా చెప్పారో అదే వాడండి.

నా పిస్టల్ సంగతి. బ్రాండ్ చెప్పను, చెప్తే చదివేవాళ్లు బ్రాండ్ పట్టుకుని కొట్టుకుంటారు, అసలు విషయం పక్కకి పోతుంది. మొదట్లో ఒక రకం తూటాతో బాగా ఆగేది. మళ్లీ మళ్లీ అదే, కేస్ కిటికీలో నిలబడిపోవడం. ఇంకో రకం స్టాండర్డ్ వెలాసిటీ తూటా వేస్తే ఆ గొడవ లేదు, కానీ అప్పుడప్పుడు తూటా ముక్కు కిందికి వంగి ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఎక్కకుండా మొండికేసేది. అందరూ చెప్పిన మాట ఒకటే, కొత్తది కదా, కొన్ని వందలు కాలిస్తే అదే సర్దుకుంటుంది అని. అందులో కొంత నిజం ఉంది, కొత్త పిస్టల్ బిగువుగా ఉంటుంది, స్ప్రింగులు కుదురుకోవాలి. కానీ "అదే సర్దుకుంటుంది" అని వదిలేసి లెక్క రాయకపోతే సర్దుకుందో లేదో ఎలా తెలుస్తుందండీ? నేను మ్యాగజైన్ల అడుగున నెయిల్ పాలిష్‌తో నంబర్లు వేసి, ఆగినప్పుడల్లా ఒక పుస్తకంలో నాలుగు విషయాలు రాయడం మొదలెట్టా. ఏ తూటా, ఏ మ్యాగజైన్, మ్యాగజైన్‌లో ఎన్నో షాట్, ఎలా ఆగింది. పేజీ నిండేలోపే కనిపించింది, ముక్కు వంగడం అంతా ఒకే మ్యాగజైన్‌లో. దాని పెదవులు, అంటే పైన తూటాని పట్టుకునే ఆ రెండు అంచులు, మిగతావాటికంటే కాస్త తేడాగా ఉన్నాయి. ఆ మ్యాగజైన్ పక్కన పెట్టేశా, ఆ జబ్బు పోయింది. అదే పుస్తకం లేకపోతే "పిస్టలే మంచిది కాదు" అని అమ్మేసేవాళ్లు ఉన్నారు, ఫీడ్ ర్యాంప్ (తూటాని ఛాంబర్‌లోకి ఎక్కించే వాలు) అరగదియ్యమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. చేతిలో ఆకురాయి పట్టుకున్న వాళ్ల దగ్గరికి కొత్త పిస్టల్ తీసుకెళ్లకండి, అరిగిన లోహం మళ్లీ రాదు.

రిమ్ ఉన్న తూటాల్ని మ్యాగజైన్‌లో నింపేటప్పుడు పై తూటా అంచు కింద తూటా అంచుకి ముందు ఉండాలి, వెనక పడిందంటే రెండూ లంకె పడి పైది కదలదు. తొందరలో నింపినప్పుడే ఇది జరిగేది. రేంజ్‌లో సగం "పిస్టల్ జామ్"లు ఇక్కడే పుడతాయని నా గట్టి నమ్మకం.

పేలని తూటా విషయంలో కూడా తప్పు ఎవరిదో తేల్చే దారి ఉంది. ట్రిగ్గర్ లాగినా పేలకపోతే పిస్టల్ టార్గెట్ వైపే పట్టుకుని కనీసం అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి, ఇది ఎవరు ఎంత ఎగతాళి చేసినా మానద్దు. ఆ తర్వాత తీసి పిన్ గుర్తు చూడండి. గుర్తు లోతుగా ఉండి, తూటాని కొంచెం తిప్పి మళ్లీ పెడితే పేలిందంటే తప్పు తూటాది, ఆ మూల మందు లేదు. గుర్తు పైపైన గీసినట్టు ఉంటే పిన్ దగ్గరో స్ప్రింగ్ దగ్గరో మురికి దగ్గరో చూసుకోవాలి. షాట్ శబ్దం ఎప్పటిలా కాకుండా పేలవంగా వస్తే మాత్రం అక్కడే ఆపి, పిస్టల్ ఖాళీ చేసి, బ్యారెల్‌లో తూటా ఇరుక్కుందేమో చూడకుండా రెండో షాట్ కాల్చకూడదు. దీంట్లో వాదనకి తావు లేదు.

ఇప్పుడు అసలు మాటకొస్తా. మన దగ్గర పిస్టల్ కొనడం అంటే పిస్టల్ ఒక్కటే కొనడం కాదు, దానికి పడే తూటా ఏటా దొరుకుతుందా అన్నది కూడా కొనుక్కోవడమే. యూరప్‌లో షూటర్ ఏం చేస్తాడు, ఎలీ, లపువా లాంటి తూటా కంపెనీల దగ్గరికి తన పిస్టల్ తీసుకుపోయి వాళ్ల టెస్ట్ రేంజ్‌లో రకరకాల లాట్‌లు (ఒకే విడతలో తయారైన తూటాలు) కాల్పించి, ఏ లాట్ బాగా కుదిరితే అది పెట్టెలకి పెట్టెలు కొనుక్కుంటాడు. మనకి లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది ఒకేసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనచ్చో. ఇంపోర్ట్ ఎప్పుడొస్తుందో, ఏ రకం వస్తుందో మన చేతిలో లేదు. పోయినేడు వచ్చిన తూటా ఈ ఏడు రాకపోవచ్చు, వచ్చినా అదే లాట్ రాదు. అలాంటప్పుడు ఒకే ఒక్క ఖరీదైన తూటాతో మాత్రమే 15 మిల్లీమీటర్లు వేసి, మిగతా వాటితో మొరాయించే పిస్టల్ గొప్పదా, లేక దొరికిన నాలుగు రకాలూ గమ్మున తినేసి 30 మిల్లీమీటర్లు వేసేది గొప్పదా? మన పరిస్థితిలో నాకు రెండోదే కావాలి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

విజయవాడలో ఈ విషయం అర్థం చేయించడం తేలిక, ఎందుకంటే ఇది బాణాల ఊరు. మన జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో కాంపౌండ్ ఆర్చరీలో మూడు స్వర్ణాలు తెచ్చింది. ఏ ఆర్చరీ అకాడమీలో పిల్లల్నైనా అడగండి, విల్లు ఒక్కటీ చూసి ఎవరూ కొనరు, విల్లు బలానికి తగ్గ గట్టితనం ఉన్న బాణం కుదరకపోతే ఎంత మంచి విల్లైనా బాణం వంకరగానే పోతుందని పదేళ్ల పిల్లాడు కూడా చెప్తాడు. తుపాకీ దగ్గరికొచ్చేసరికి పెద్దవాళ్లం ఆ మాట మర్చిపోతాం.

గ్రూప్ ముఖ్యం కాదని నేననట్లేదు. మా సీనియర్ ఒకాయన గట్టిగా వాదిస్తారు, "పిస్టల్ మీద నమ్మకం ఉంటేనే తొమ్మిది పడ్డప్పుడు అది నా తప్పే అని ఒప్పుకుని దిద్దుకుంటావు, లేకపోతే జీవితాంతం సాకులే చెప్తావు" అని. ఆయన మాట నూటికి నూరు పాళ్లూ నిజం. కానీ ఆ నమ్మకం ఫ్యాక్టరీ కాగితం మీది ఐదు రంధ్రాల వల్ల రాదు. ఐదు షాట్ల గ్రూప్ ఒకసారి 14 వస్తుంది, అదే పిస్టల్ అదే తూటా మరోసారి 28 వస్తుంది, అందులో వింత లేదు. పది పది షాట్ల గ్రూపులు చాలా వేసి సగటు చూస్తేనే ఏదన్నా మాట్లాడగలం. పైగా గుంపులోంచి విడిగా ఎగిరిపోయే ఆ ఒక్క షాట్ ఉంటుందే, దానికీ జామ్‌కీ చాలాసార్లు మూలం ఒకటే. తూటా వేగంలో తేడా. సెకనుకి 300 మీటర్ల వేగంతో పోయే తూటా 25 మీటర్లలో సుమారు 34 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, 280తో పోయేది 39. అంటే ఒక ఐదు మిల్లీమీటర్ల తేడా నిలువుగా అక్కడే వచ్చేసింది. ఆ బలం తక్కువైన తూటానే స్లైడ్‌ని కూడా పూర్తిగా తొయ్యలేక కేస్ ఇరికిస్తుంది. అందుకే ఆగిన షాట్లు కాగితం మీద ఎక్కడ పడ్డాయో కూడా రాసుకోమంటాను.

ఇంకో అపోహ. "మూడొందలు కాల్చాను, ఒక్కసారి కూడా ఆగలేదు, ఇక దీనికి తిరుగులేదు." సంతోషమే, కానీ స్టాటిస్టిక్స్‌లో ఒక సులువు సూత్రం ఉంది, ఎన్ని కాల్చినా ఒక్కసారీ ఆగకపోతే, 3ని ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేదే 95 శాతం నమ్మకంతో మనం చెప్పగలిగే గరిష్ట లోపం. 300కి ఒక్కటీ ఆగలేదంటే నూటికి ఒకటి ఆగే పిస్టల్ అయ్యే అవకాశం ఇంకా ఉన్నట్టే. నూటికి ఒకటే కదా అనుకుంటారు, 60 షాట్ల మ్యాచ్‌లో కనీసం ఒకసారైనా ఆగే అవకాశం అప్పుడు 45 శాతం! దాదాపు బొమ్మా బొరుసూ. అందుకే కొత్త పిస్టల్‌ని రెండు వారాల్లో మెచ్చుకోవడం గానీ తిట్టడం గానీ తొందరపాటే, సీజనంతా లెక్క రాయాలి.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి బెజవాడలో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి, మూసిన కార్లో అంతకంటే చాలా ఎక్కువ. పాయింట్ టూ టూ తూటా సీసం మీద పైన పూతలా మైనం లాంటి లూబ్రికెంట్ ఉంటుంది, ఎలీ వాళ్లది తేనెమైనం, కొవ్వు కలిపింది. తూటాల పెట్టె కార్ డిక్కీలో పెట్టి మధ్యాహ్నం దాకా వదిలేస్తే ఆ పూత కరిగి కిందికి జారుతుంది, దుమ్ము అంటుకుంటుంది, ఛాంబర్ మొదట్లో సీసం, మైనం కలిసి ఒక గట్టి రింగులా పేరుకుంటుంది. ఆ రింగ్ వల్ల తూటా చివరి మిల్లీమీటరు లోపలికి వెళ్లదు, స్లైడ్ పూర్తిగా మూసుకోదు, పిన్ దెబ్బ బలంగా తగలదు, "తూటాలు పేలట్లేదు" అని డీలర్‌ని తిడతాం. థర్మోకోల్ డబ్బాలో పెట్టుకుని తెచ్చుకోండి, ఐస్ అక్కర్లేదు, నీడ చాలు. వానాకాలం అయితే చెమట, తేమ. చెక్క గ్రిప్ కింద ఉప్పు చెమట చేరి తుప్పు మొదలయ్యేది మనకి కనపడని చోటే, నెలకోసారి గ్రిప్ విప్పి తుడవాలి. ఎలక్షన్లప్పుడు పిస్టల్ స్టేషన్లో డిపాజిట్ చెయ్యాల్సి వస్తే నూనె గుడ్డతో బాగా తుడిచి ఇవ్వండి, తెచ్చుకున్నాక ఛాంబర్‌లోంచి ఆ నూనె మొత్తం తీసెయ్యండి. బ్యారెల్‌ని మాత్రం ప్రతిరోజూ బ్రష్ పెట్టి తోమే పని వద్దు, పూర్తిగా శుభ్రం చేసిన బ్యారెల్‌తో మొదటి కొన్ని షాట్లు చోటు మారతాయి, మ్యాచ్ ముందు రోజు సాయంత్రం తోమి పొద్దున్న "సైట్ మారిపోయింది" అని కంగారుపడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఛాంబర్, ఖాళీ కేస్‌ని బయటికి లాగే కొక్కెం ఎక్స్‌ట్రాక్టర్ కింద, స్లైడ్ ముఖం, ఈ మూడూ శుభ్రంగా ఉంటే చాలావరకు చాలు.

గుంటూరు నుంచి వచ్చే ఒక కుర్రాడు ఈ మధ్య అడిగాడు, "అన్నా, రెండు పిస్టళ్లు చూశా, ఒకదాని టెస్ట్ టార్గెట్ ఇంకోదానికంటే బాగుంది, రేటు కూడా ఎక్కువే, ఏది తీసుకోమంటావు?" అని. నేను తిరిగి అడిగింది ఇవి. మన దగ్గర ఇప్పుడు దొరుకుతున్న తూటా వేసి రెండూ కాల్చి చూశావా తమ్ముడూ? ఎక్స్‌ట్రా మ్యాగజైన్లు ఎంత, దొరుకుతాయా? స్ప్రింగ్ పోతే, ఎక్స్‌ట్రాక్టర్ విరిగితే ఎన్ని నెలలకి వస్తుంది? మన చుట్టుపక్కల అదే మోడల్ ఎవరైనా వాడుతున్నారా? ఖాళీగా ట్రిగ్గర్ ప్రాక్టీస్ చేసుకునే ఏర్పాటు దాంట్లో ఉందా, లేక స్నాప్ క్యాప్ (ఉత్తుత్తి తూటా) పెట్టాల్సిందేనా, ఎందుకంటే రిమ్‌ఫైర్ పిన్ ఖాళీ ఛాంబర్ అంచుని కొట్టి కొట్టి గుంట చేస్తుంది. ఒక్కదానికీ వాడి దగ్గర సమాధానం లేదు, వాడి తప్పూ కాదు, డీలర్ చూపించింది ఆ కాగితం ఒక్కటే.

డీలర్లని నేను కోరేది ఒకటుంది. ఇంత డబ్బు పెట్టి కొనేవాడికి, రూల్స్ ఒప్పుకునే రేంజ్‌లో, అతను రేపు వాడబోయే తూటాతోనే వంద రౌండ్లు కాల్పించి చూపించండి, కేవలం టెస్ట్ టార్గెట్ చేతిలో పెట్టి పంపకండి. క్లబ్బుల్ని కోరేది ఇంకా తేలికైంది. ఆఫీసులో ఒక పుస్తకం పెట్టండి. పిస్టల్ మోడల్, తూటా రకం, డబ్బా మీది లాట్ నంబర్, ఎన్ని కాల్చారు, ఎన్నిసార్లు ఆగింది, ఎలా ఆగింది. పేర్లు అక్కర్లేదు. ఒక్కొక్కరం విడివిడిగా రాస్తే మూడొందల దగ్గర ఆగిపోతాం, అందరం కలిసి రాస్తే ఒక సీజన్‌కి వేలల్లోకి పోతాం, అప్పుడు వచ్చే ఏడు ఏ తూటా అడగాలో ముందే తెలుస్తుంది. నా పుస్తకంలో ఉన్నదంతా మొదటి పేజీలుగా ఇవ్వడానికి నేను రెడీ. పాత పిస్టళ్లు ఉన్న సీనియర్లు కూడా రాయాలి, ముఖ్యంగా గ్రిప్‌లో మ్యాగజైన్ ఉండే పాత మోడళ్లు వాడేవాళ్లు, ఎందుకంటే ఆ గుంటూరు కుర్రాడు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవి అవే.